‘ఎస్ సార్’ దగ్గరే ఆగిపోతున్న సంభాషణలు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఉద్యోగార్థుల పేజీల్లో వచ్చే స్పోకెన్ ఇంగ్లిష్ పాఠాల్లో ‘కొత్త సూపర్‌వైజర్‌ని కలిసినప్పుడు’ అనే సంభాషణ ఒకటి తప్పకుండా ఉంటుంది. ఏ పత్రికలో చూసినా దాదాపు ఒకే అచ్చు. ఇద్దరూ గుడ్ మార్నింగ్ చెప్పుకుంటారు, పేర్లు చెప్పుకుంటారు, ఆయన ‘వెల్‌కమ్ టు ద టీమ్’ అంటాడు, కుర్రాడు ‘థాంక్యూ సార్’ అంటాడు, పాఠం అయిపోతుంది. నిజంగా నోరు పెగలనిది ఆ తర్వాతే. ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరేవారికి పనికి కావలసిన ఇంగ్లిష్ నేర్పేవాళ్లం మేము. పాఠం వదిలేసిన ఆ తర్వాతి రెండు నిమిషాల గురించే ఈ ఉత్తరం. ఇంగ్లిష్ వాక్యాలను కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాం. నోటికీ చెవికీ సంబంధించిన వ్యవహారంలో స్పెల్లింగ్‌తో పనిలేదు.

ఈ పాఠాలన్నీ ఎదుట ఎవరో లండన్ దొర కూర్చున్నాడని అనుకుని రాసినట్టుంటాయి. పెనుకొండ దగ్గర కియా 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టింది. సత్యవేడు వైపు శ్రీసిటీలో జపాన్, కొరియా కంపెనీలు ఎన్నో ఉన్నాయి. అలాంటిచోట ఉత్పత్తి లైన్ మీద నిలబడ్డ మన అబ్బాయికో అమ్మాయికో ఎదురయ్యే సూపర్‌వైజర్ కొరియా మనిషో, జపాన్ మనిషో, చెన్నై నుంచి వచ్చిన తమిళుడో. ఇంగ్లిష్ అటూ ఇటూ ఇద్దరికీ పరాయి భాషే. అక్కడ గ్రామర్ తప్పు కంటే మాట పొరపాటుగా అర్థం కావడమే ఖరీదైన వ్యవహారం.

పేరుతో మొదలుపెడదాం. ‘మైసెల్ఫ్ కిరణ్’ అంటే నవ్వుతారని అన్ని పాఠాలూ హెచ్చరిస్తాయి. ‘ఐయామ్ కిరణ్’ అనాలన్నది నిజమే, కానీ ‘మైసెల్ఫ్’ వల్ల ఎవరి ఉద్యోగమూ పోదు. అసలు చిక్కు ఇంటిపేరుది. ఐడీ కార్డు మీద ‘కొండవీటి వెంకట సాయి కిరణ్’ అని ఉంటే బయటినుంచి వచ్చినవాడు ముందున్న మాట పట్టుకుని ‘కొండవీటి!’ అని పిలుస్తాడు. వీడేమో తనను కాదనుకుని పని చేసుకుంటూనే ఉంటాడు. మొదటి రోజే ‘ప్లీజ్ కాల్ మీ కిరణ్’ అని ఒక్క మాట చెప్పేస్తే సరిపోతుంది. కొరియన్లూ జపనీయులూ కూడా మనలాగే ఇంటిపేరే ముందు చెబుతారు. అందుకే కిమ్ అనేది ఇంటిపేరు, ‘మిస్టర్ కిమ్’ అని పిలవాలి. కొరియాలో కిమ్, లీ, పార్క్ ఎంత ఎక్కువంటే ఒకే ఫ్యాక్టరీలో నలుగురు మిస్టర్ కిమ్‌లు ఉన్నా ఆశ్చర్యం లేదు. కబురు చెప్పేటప్పుడు ‘మిస్టర్ కిమ్ ఫ్రమ్ క్వాలిటీ’ అని విభాగం కలిపి చెప్పాలి. జపనీయులైతే ఇంటిపేరు చివర ‘సాన్’ చేర్చాలి. అది ఎదుటివారికి ఇచ్చే గౌరవం, మన ‘గారు’ లాంటిది. ‘నేను కిరణ్ గారిని’ అని ఎవరూ అనరు కదా, ‘ఐయామ్ కిరణ్ సాన్’ కూడా అంతే. ఆయన పేరు సరిగా వినపడకపోతే అప్పటికప్పుడే ‘సారీ, కుడ్ యూ సే యువర్ నేమ్ అగైన్?’ అని అడిగేయాలి. మొదటి రోజు అడిగితే శ్రద్ధ అనుకుంటారు. నెల తర్వాత అడిగితే ఇద్దరికీ ఇబ్బందే.

పరిచయం ఐదు వాక్యాలకు మించకూడదు. తీరిగ్గా పలికినా 20 సెకన్లు పట్టదు: ‘గుడ్ మార్నింగ్, మిస్టర్ కిమ్. ఐయామ్ కిరణ్. ఐ వర్క్ ఆన్ లైన్ త్రీ, ఇన్ వెల్డింగ్. ఐ జాయిన్డ్ ఇన్ 2023. నైస్ టు మీట్ యూ.’ అక్కడితో ఆగాలి. ఊరు, నాన్న చేసే పని, డిగ్రీలో పర్సంటేజీ, ఇవన్నీ ఇంటర్వ్యూ కోసం బట్టీ పట్టినవి, ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఇందులో నాలుగో వాక్యాన్ని కావాలనే అలా పెట్టాం. ‘రెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను’ అన్నదాన్ని మాటకు మాట మారిస్తే ‘ఐయామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అని వస్తుంది. మన ‘నుంచి’ కాస్తా ‘సిన్స్’ అయి కూర్చుంటుంది. ‘ఐ హావ్ బీన్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ అన్నది సరైన రూపం. అది నోటికి రాకపోతే చేరిన సంవత్సరం చెప్పేయడమే తేలిక, తప్పు దొర్లే వీలే ఉండదు. ఇక ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022’ అన్నది మన దేశంలో చెల్లుతుంది గానీ, అమెరికా మనిషికి మీరు ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయారన్నట్టు వినిపిస్తుంది. ‘ఐ గ్రాడ్యుయేటెడ్’ అనడం క్షేమం, డిప్లొమా వాళ్లయితే ‘ఐ ఫినిష్డ్ మై డిప్లొమా’ అంటే చాలు.

ఇప్పుడు మర్యాద సంగతి. తెలుగులో గౌరవమంతా ‘అండి’లో ఉంది. ‘చెప్పండి సార్’ అనడంలో ఎంతో వినయం ఉంది. దాన్నే ‘టెల్ సార్’ అని మార్చితే ‘అండి’ రాలిపోయి ‘చెప్పు’ మిగులుతుంది. ‘రండి’ అన్నది ‘కమ్’ అవుతుంది, ‘కూర్చోండి’ అన్నది ‘సిట్’ అవుతుంది. రాలిపోయిన ‘అండి’కి బదులుగా మనవాళ్లు ప్రతి వాక్యానికీ రెండు ‘సార్’లు తగిలిస్తారు. అయినా లోటు తీరదు. ఇంగ్లిష్‌లో మర్యాద వాక్యం మొదట్లో ఉంటుంది: ‘కుడ్ యూ’, ‘కుడ్ ఐ’, ‘వుడ్ యూ లైక్ టు’. ‘ప్లీజ్ గివ్ మీ లీవ్ టుమారో’లో ప్లీజ్ ఉన్నా అది ఆజ్ఞే. ‘కుడ్ ఐ టేక్ లీవ్ టుమారో?’ అన్నప్పుడే అడిగినట్టు అవుతుంది. టీ ఇస్తానంటే ‘వద్దండి’ అన్నట్టు ‘ఐ డోంట్ వాంట్’ అనేస్తారు. ‘నో, థాంక్యూ’ అనాలి.

ఇంకో భయం కూడా చూస్తుంటాం. ‘యూ’ అంటే ‘నువ్వు’ అన్నట్టు అవుతుందేమోనని మొహం మీదే ‘సార్ ఈజ్ కమింగ్ టుమారో?’ అని అడుగుతారు. ఆయన పాపం ఏ సార్ అని వెనక్కి తిరిగి చూస్తాడు. ఇంగ్లిష్‌లో పూర్వం ఏకవచనానికి ‘దౌ’ అనే మాట వేరే ఉండేది. వాడుకలో మిగిలిన ‘యూ’ నిజానికి బహువచనం, అంటే మన ‘మీరే’. నిస్సంకోచంగా వాడవచ్చు.

మా లెక్కలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ‘ఎస్, నో’ల దగ్గర ఉంది. సూపర్‌వైజర్ ‘ద మెటీరియల్ హాజ్ నాట్ కమ్?’ అని అడిగాడనుకుందాం. సరుకు రాలేదు. తెలుగులో ఏమంటాం? ‘అవును, రాలేదు’ అంటాం. అందుకని నోటి వెంట ‘ఎస్ సార్’ వస్తుంది. ఇంగ్లిష్ పుట్టుభాష అయినవాడికి ‘ఎస్’ అంటే ‘వచ్చింది’ అని అర్థం. రాలేదనడానికి వాళ్లు ‘నో’ అంటారు. ఇక్కడే అసలు తమాషా ఉంది. కొరియన్, జపనీస్ భాషలు ఈ విషయంలో తెలుగు పక్షమే, వాళ్లూ ‘అవును, రాలేదు’ అనే అంటారు. కాబట్టి ఎదుటి మనిషి ఇంగ్లిష్ పద్ధతిలో ‘ఎస్’ అన్నాడో, తన సొంత భాష పద్ధతిలో అన్నాడో ఊహించడం కష్టం. దీనికి ఒకటే మందు: ‘లేదా, కాదా’ అన్నట్టు అడిగే ఏ ప్రశ్నకూ ఉత్త ‘ఎస్’ గానీ ఉత్త ‘నో’ గానీ చెప్పకూడదు. ‘ద మెటీరియల్ హాజ్ నాట్ కమ్’ అని వాక్యం మొత్తం చెప్పాలి. మీరు అడిగేటప్పుడు కూడా ‘డిడ్ ఇట్ కమ్?’ అనే అడగాలి, ‘డిడ్ ఇట్ నాట్ కమ్?’ అని కాదు. పైగా కొరియన్‌లో ‘అవును’కు ‘నే’ అంటారు. మన చెవికి అది హిందీ ‘నహీ’లా వినిపించి కాదన్నాడేమో అనుకుంటాం. జపనీస్ ‘హాయ్’ కూడా చాలాసార్లు ‘వింటున్నాను’ అనే మన ‘ఊఁ’ లాంటిదే, ఒప్పుకున్నట్టు కాదు. దీనికి తోడు మన తల ఊపుడు ఒకటి. అడ్డంగా, నిలువుగా కాకుండా మధ్యలో ఊపే ఆ తలను బయటివాళ్లు ఏమని చదవాలి?

‘డు యూ మైండ్ ఇఫ్ ఐ చెక్ యువర్ షీట్?’ అన్నది ఇదే కుటుంబానికి చెందిన ప్రశ్న. ‘చూడవచ్చా’ అన్నట్టుగా విని ‘ఎస్ సార్’ అంటే ‘నాకు అభ్యంతరం ఉంది’ అని చెప్పినట్టు. ‘నాట్ ఎట్ ఆల్’ అనో, ‘ప్లీజ్ గో అహెడ్’ అనో అనాలి.

వినపడనప్పుడు ‘వాట్?’ అనడం మన ‘ఏంటి?’ కంటే గరుకుగా ఉంటుంది. ‘సారీ?’ అని స్వరం కాస్త పైకి లేపితే చాలు. అంతకంటే మంచి పద్ధతి ఎక్కడ అర్థం కాలేదో ఆ ముక్క మాత్రమే అడగడం: ‘లైన్ ఫోర్, ఆర్ లైన్ ఫైవ్?’ మొత్తం మళ్లీ చెప్పమంటే ఆయన రెండోసారి ఇంకా వేగంగా చెబుతాడు. ఆ తర్వాత విన్నదాన్ని తిరిగి ఒప్పజెప్పాలి: ‘సో, ఆర్‌హెచ్ పార్ట్స్ ఫస్ట్, దెన్ ఎల్‌హెచ్. ఈజ్ దట్ రైట్?’ కుడి ఎడమ విడిభాగాలు తారుమారై ఎన్‌జీ (నో గుడ్, అంటే పనికిరానివి వేసే) డబ్బా నిండేది ఈ ఒక్క వాక్యం అనకపోవడం వల్లే. మొహమాటంతో నాలుగుసార్లు ‘ఎస్ సార్’ అనేసి, పక్కవాణ్ని ‘ఏమన్నాడ్రా?’ అని అడిగేవాళ్లే ఎక్కువ. ఆ పక్కవాడికీ తెలియదు.

ఉచ్చారణ విషయంలో పుస్తకాలు చెప్పేది ఒకటి, ఫ్యాక్టరీలో పని జరిగేచోట వినపడేది ఒకటి. తెలుగు అజంత భాష కాబట్టి మనం ‘వర్కు, టెస్టు, లైటు’ అని చివర అచ్చు తగిలిస్తాం. జపనీయులూ అంతే, బస్‌ను ‘బసు’ అంటారు. కొరియన్‌లో ‘ఫ’ శబ్దం లేదు, అందువల్ల వాళ్ల నోట ‘ఫైల్’ కాస్తా ‘పైల్’ కావచ్చు. జపనీస్‌లో ‘ర’, ‘ల’ వేరు కావు, కనుక ‘రైట్’ అన్నాడో ‘లైట్’ అన్నాడో చేతితో చూపించి తేల్చుకోవాల్సిందే. అందరికీ ఉమ్మడిగా ఉన్న గొడవ ఫిఫ్టీన్, ఫిఫ్టీ. మొదటిదాంట్లో ‘టీన్’ను నొక్కి సాగదీయాలి, రెండోదాంట్లో ‘ఫిఫ్’ను నొక్కాలి. మనం రెండింటినీ ఒకే తూకంలో పలుకుతాం. బోల్టులు 15 అడిగితే 50 వస్తే నవ్వుకోవచ్చు, బిగింపు టార్క్ అలా మారితే నవ్వులాట కాదు. ‘ఫిఫ్టీన్, వన్ ఫైవ్’ అని అంకెలు విడదీసి చెప్పడం అలవాటు చేసుకోవాలి. లక్షలు, కోట్లు కూడా బయటివాళ్లకు అందవు. లక్షన్నర అంటే ‘వన్ హండ్రెడ్ ఫిఫ్టీ థౌజండ్’ అనాలి. కొరియన్లు, జపనీయులు తమ భాషలో పెద్ద సంఖ్యలను పదివేల చొప్పున లెక్కపెడతారు, కాబట్టి వాళ్లకీ ఇంగ్లిష్ లెక్క దగ్గర తడుములాట ఉంటుంది. కాగితం మీద రాసి చూపిస్తే గొడవ ఉండదు.

‘ఎనీ క్వశ్చన్స్?’ అని ఆయన అడిగినప్పుడు ‘నో సార్’ అని తల దించుకోవడం పెద్ద నష్టం. కొత్త మనిషిని తెలియనివి అడగగలిగేది ఆ మొదటి వారంలోనే. రెండు ప్రశ్నలు జేబులో పెట్టుకుని వెళ్లాలి. ‘ఇఫ్ ద లైన్ స్టాప్స్, హూ షుడ్ ఐ కాల్ ఫస్ట్?’ అన్నది మాకు నచ్చిన ప్రశ్న. ‘డు యూ ప్రిఫర్ ఎ కాల్ ఆర్ ఎ మెసేజ్?’ అన్నది ఇంకొకటి. సెలవు కావాలంటే ఎన్ని రోజుల ముందు, ఎవరికి చెప్పాలో కూడా అప్పుడే తేల్చుకుంటే పండక్కి ఊరెళ్లేటప్పుడు రభస ఉండదు. ‘ఐ హావ్ ఎ డౌట్’ మాత్రం వద్దు. మనకు డౌట్ అంటే ప్రశ్న, వాళ్లకు అనుమానం. ‘మీరు చెప్పింది నమ్మను’ అన్నట్టు వినిపిస్తుంది. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనాలి.

పని ఒప్పుకునేటప్పుడు ‘చూస్తాను సార్’ అని తెలుగులో అంటే సగం ఒప్పుకున్నట్టు. ‘ఐ విల్ సీ’ అని ఇంగ్లిష్‌లో అంటే సగం తిరస్కరించినట్టు. దానికి బదులు ఎన్ని గంటలకో చెప్పాలి: ‘ఐ విల్ చెక్ అండ్ టెల్ యూ బై ఫోర్.’ ఇక్కడ ‘బై’ ముఖ్యం. ‘నాలుగింటి వరకు ఇస్తాను’ అని నాలుగింటికల్లా అనే అర్థంలో చాలామంది అంటారు, అదే ‘టిల్ ఫోర్’ అయిపోతుంది. ‘టిల్’ అంటే నాలుగింటిదాకా ఇస్తూనే ఉంటానని. నాలుగింటికల్లా అనడానికి ‘బై’ ఒక్కటే.

ఏదైనా ఆగిపోయినప్పుడు చెప్పే తీరు వేరు. మనం కథ మొదటినుంచీ చెబుతాం. ‘జరిగిందేంటంటే’ అని మొదలుపెట్టే అలవాటు ‘వాట్ హ్యాపెన్డ్ మీన్స్’ అవుతుంది. రాత్రి షిఫ్ట్‌లో ఎవరు ఏమన్నారో అంతా అయ్యాక, చివరికి మిషన్ ఆగిందన్న ముక్క వస్తుంది. సూపర్‌వైజర్‌కి ముందు కావలసింది ఆ చివరి ముక్కే. ఎక్కడ, ఏమైంది, ఎప్పటినుంచి, ఇప్పటికి ఏం చేశారు, ఇంకెంత సేపు, ఈ వరుసలో చెప్పాలి. ‘స్టేషన్ సెవెన్ ఈజ్ డౌన్. ఇట్ స్టాప్డ్ ఎట్ నైన్ టెన్. మెయింటెనెన్స్ ఈజ్ హియర్. వుయ్ నీడ్ ట్వంటీ మినిట్స్.’ కారణాలు ఆయన అడిగితే అప్పుడు. మర్యాదలు కూడా పక్కన పెట్టాల్సిన సందర్భం ఒకటుంది: ఎవరి చెయ్యో మిషన్‌లో పడబోతుంటే ‘ఎక్స్‌క్యూజ్ మీ సార్’ అక్కర్లేదు, ‘స్టాప్!’ అని కేక వేయాలి. ఎదుట ఉన్నది ఎంత పెద్దవాడైనా సరే.

గల్ఫ్‌కు వెళ్లే జగిత్యాల, నిజామాబాద్ వాళ్లకు ఇంకో రెండు ముక్కలు. అక్కడ ఇంజనీర్‌ను పేరుకు ముందు హోదా చేర్చి ‘ఇంజనీర్ అహ్మద్’ అని పిలవడం రివాజు. అరబ్బీలో మాత్రమే ఉన్న కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమంటే ‘కుడ్ యూ ఎక్స్‌ప్లెయిన్ దిస్ బిఫోర్ ఐ సైన్?’ అన్న వాక్యం ముందే కంఠతా వచ్చి ఉండాలి. హైదరాబాద్ నుంచి అమెరికా మేనేజర్‌తో ఫోన్‌లో మాట్లాడేవాళ్లయితే ‘టుమారో మార్నింగ్’ అని ఊరుకోకుండా ఎవరి పొద్దున్నో కూడా చెప్పాలి. న్యూయార్క్‌తో మనకు తేడా మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు 9 గంటల 30 నిమిషాలు, మిగతా రోజుల్లో 10 గంటల 30 నిమిషాలు. వాళ్లు గడియారం మార్చిన వారంలోనే మీటింగులు తప్పిపోతుంటాయి. తేదీ 04/05 అని రాస్తే వాళ్లు ఏప్రిల్ 5 అని చదువుతారు, కాబట్టి నెల పేరు అక్షరాల్లో రాయాలి.

ఇక మీకు మా మనవి. ఈసారి ఈ పాఠం వేసేటప్పుడు సంభాషణను ‘వెల్‌కమ్ టు ద టీమ్’ దగ్గర ఆపకండి. సూపర్‌వైజర్ నోట ఊహించని రెండో ప్రశ్న ఒకటి పెట్టండి, జవాబు చోటు ఖాళీగా వదలండి. తన లైన్ నంబరు, తన మిషన్ పేరు వేసుకుని చదువుకునేవాడే దాన్ని నింపుకోవాలి. ఏ తెలుగు వాక్యం వల్ల ఆ తప్పు దొర్లుతోందో పక్కనే వేస్తే గ్రామర్ సూత్రం కంటే బాగా గుర్తుంటుంది. ఇద్దరు స్నేహితులు రోజుకు 10 నిమిషాలు, ఒకరు సూపర్‌వైజర్‌గా, ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ సాధన చేయాలని కూడా రాయండి. సూపర్‌వైజర్ వేషం కట్టినవాడు రోజుకో ప్రశ్న మార్చాలి, లేకపోతే అదీ బట్టీయే అవుతుంది.

గది నుంచి బయటికి వచ్చేటప్పటి మాట కూడా ఆ పాఠంలో చేర్చండి. ‘వెళ్తాను’ అనడం అశుభమని మనం ‘వెళ్లొస్తాను’ అంటాం. అదే నోటి వెంట ‘ఐ విల్ గో అండ్ కమ్, సార్’ అని వచ్చేస్తుంది. వీడు షిఫ్ట్ అయిపోయి బస్సెక్కి ఇంటికి వెళ్లిపోతాడు, ఆయనేమో వస్తానన్నవాడు ఇంకా రాలేదేమని తలుపు వైపు చూస్తుంటాడు. ‘సీ యూ టుమారో’ అంటే చాలు.

ఇట్లు,
పరిశ్రమల్లో చేరేవారికి ఇంగ్లిష్ నేర్పే కొందరు శిక్షకులు,
తిరుపతి